పదింటికి తెగే లైను

పాశమైలారంలో మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ వెనక, పద్నాలుగో నంబరు క్వార్టరుకు మంచి పేరు లేదు. అందులో ఉండే ఆపరేటరు రాత్రి డ్యూటీలో పోయాడనీ, పోయిన సంగతి అతనికి మాత్రం ఎవరూ చెప్పలేదనీ, రోజూ షిఫ్టు దిగి ఇంటికొస్తూనే ఉన్నాడనీ అనేవాళ్లు. పట్టపగలు కూడా ఆ గోడ పక్కన ఎవరూ సైకిలు ఆపేవాళ్లు కాదు.

ఇది బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల మాట. అక్కడివాళ్లు చెప్పగా విన్నదే.

సొలొమోను ఇంటికి టెలిఫోను తీగ సరిగ్గా ఆ క్వార్టరు వాకిలి మీదుగానే వచ్చేది. ఏం చేస్తాం, అతని రాత!

అతనికి ఇరవై రెండేళ్లు, మందుల కంపెనీలో పగటి డ్యూటీ. పాత కంప్యూటరొకటి కొనుక్కుని, రాత్రయితే తుపాకుల ఆటలో కూర్చునేవాడు. జట్టులో మిగతా నలుగురూ సంగారెడ్డిలో యాదన్న నెట్ సెంటర్లో ఆడేవాళ్లు. ఇతనొక్కడే ఇంటి నుంచి. నెట్ మామూలప్పుడే నత్తనడక... ఇతను గురి చూసేలోపు అవతలివాడు కాల్చేసి, చాయ్ తాగి కూడా వచ్చేవాడు. అది చాలదన్నట్టు, రాత్రి పదైతే లైను పూర్తిగా తెగేది. రోజూ పదింటికే. తెల్లారేసరికి దానంతటదే మళ్లీ వచ్చేది.

"తమ్మీ, రెండుసార్లు నడిమిట్ల ఇడ్సిపెట్టి పోయినవ్," అన్నాడు జట్టు నడిపే యాదన్న, హెడ్‌ఫోనులో. "ఫైనల్ల గూడ గట్లనే అయితే, నీ జాగల ఇంకొకన్ని పెట్టుకుంట. ఏమనుకోకు."

ఆ నలుగురు తప్ప సొలొమోనుకు స్నేహితులంటూ ఎవరూ లేరు.

ఫైనల్ శనివారం రాత్రి వచ్చింది. తల్లి సౌభాగ్యమ్మ చర్చిలో రాత్రి ప్రార్థనకు వెళ్లింది, తెల్లారితే గానీ రాదు. ఆట మంచి పట్టు మీద ఉంది... పదయింది... తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. మోడెం మీద దీపం ఆరిపోయింది.

ఇక ఆగలేకపోయాడు. తలుపుకు తాళం వేసి, టార్చి పట్టుకుని తీగ వెంట బయల్దేరాడు.

దెయ్యాలు లేవని పాస్టరుగారు ఎప్పుడూ అనలేదు — భయపడొద్దని మాత్రమే అన్నారు. సొలొమోను వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. పద్నాలుగో నంబరు గోడ దగ్గర తీగ కిందికి వంగింది... ఇంకా వంగింది...

టార్చి ఎత్తాడు.

వాకిట్లో, నేలకు మూరెడు ఎత్తున, తెల్లటి మనిషి వేలాడుతున్నాడు. చేతులున్నాయి. తల లేదు... కాళ్లు లేవు... ఒంట్లోంచి టప్ టప్‌మని ఏదో కారుతోంది.

సొలొమోనుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"లైటు బంద్ జెయ్, బిడ్డా..." చీకట్లోంచి ఒక గుసగుస. "ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఒస్తే సూస్తడు."

గుమ్మంలో బకెట్ పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. అతని కంపెనీలోనే ప్యాకింగ్ పని చేసే బీరమ్మ!

"నువ్వా అత్తా? ఈడుంటున్నవా?"

"రూము దొరకక జొర్రిన. ఎవ్వలకు జెప్పకు. కంపెనోళ్లు ఇచ్చింది ఒక్కటే కోటు. పదింటికి వాచ్‌మన్ బువ్వకు పోంగనే పిండి ఆరేస్త. దండెం లెక్క తీగుంటే..."

తెల్లకోటు! ఆ తడి బరువుకు తీగ సాగి, టేపు చుట్టిన అతుకు రోజూ విడిపోయి, కోటు తీశాక మళ్లీ కలుస్తోందన్నమాట. సొలొమోనుకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. కోటు తీసి ఆమెకిచ్చి, అతుకు బిగించి, ఇంటికి పరుగెత్తాడు. అప్పటికే అరగంట దాటింది.

తాళం తీసి, నిలబడే హెడ్‌ఫోను పెట్టుకున్నాడు.

"మాఫ్ జెయ్యి యాదన్నా, లైను తెగింది..."

"తెగుడేంది తమ్మీ? గెలిసినం గదనే! ఆఖరి ముగ్గురిని నువ్వొక్కనివే లేపేసినవ్. పదైనంక జెరసేపు గూడ ఆగలే నువ్వు. ఇగ నీ జాగ ఎవ్వడు గుంజుకోడు!"

సొలొమోను చేతిలోని తాళంచెవి వైపు చూశాడు.

"గని ఎంత పిలిసినా పలకవైతివి... ఊపిరి తీసుడొక్కటే ఇనబడ్డది," అన్నాడు యాదన్న. "గిప్పుడు గూడ ఇనబడ్తుంది. మైకు జెర దూరం పెట్టు."

సొలొమోను ఊపిరి బిగబట్టి అప్పటికే నిమిషమైంది.