ఆయన వేళ్లకు కుట్టిన ఎడిటర్

సెలవు రోజు మధ్యాహ్నం. ఆఫీసులో అతను, పక్క సీటు అమ్మాయి, ఇద్దరే ఉన్నారు. బయట మబ్బు కమ్మి గదంతా బూడిద రంగుకు తిరిగింది. ఏసీ ఆపేయడంతో కార్పెట్‌లోంచి తడి వాసన వస్తోంది.

అతను వాడుతున్న ఎడిటర్ ఒకప్పుడు అదే ఆఫీసులో పనిచేసిన పెద్దాయనది. ప్రోగ్రాములు రాసుకునే ఆ ఎడిటర్లో ఏ బటన్‌కు ఏ పని కావాలంటే ఆ పని పెట్టుకోవచ్చు. పెద్దాయన ఏళ్ల తరబడి కూర్చుని దాన్ని తన వేళ్లకు కొలిచి కుట్టినట్టు మార్చుకున్నాడు. ఆయన ఎడమ చిటికెన వేలు వంగదు. అందుకే ఆ వేలికి ఒక్క పనీ పెట్టలేదు. ఆయన చేతిలో అది గుర్రం. ఇంకొకరు ముట్టుకుంటే మొండి గాడిద.

ఆమధ్య కంపెనీ ఖాతాదారుల వివరాలన్నీ చెరిపేసింది అతను. నింద మోసింది పెద్దాయన. ఉద్యోగం పోయింది, నెల తిరక్కుండా మనిషీ పోయాడు. ఆ తర్వాత ఆయన సెట్టింగులను ఒక్క వరుసైనా చదవకుండా అతను తన కంప్యూటర్లోకి ఎత్తేసుకున్నాడు. మొదట్లో మొరాయించింది. తర్వాత పని పరుగందుకుంది. ఎడిటర్ లొంగిందనే అనుకున్నాడు.

ఇవాళ సాయంత్రంలోగా ఆ వ్యవహారం మీద యజమానికి నివేదిక పంపాలి. తప్పు ఎవరిదో రాతలో తేల్చాలి. నిజం బయటపడితే అతను ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

'పెద్దాయనది' అని కొట్టాడు. తెర మీద 'నాది' అని పడింది.

చెరిపాడు. మళ్లీ కొట్టాడు. 'నాది.'

"ఏంటన్నా, కీబోర్డును చితక్కొడుతున్నావ్?" అంటూ పక్క సీటు అమ్మాయి వచ్చింది. 'పెద్దాయనే చేశాడు, నేను చూశాను' అని ఆనాడు సాక్ష్యం చెప్పింది ఈమే.

"ముసలాయన సెట్టింగులు చెల్లీ. చచ్చీ సాధిస్తున్నాడు."

"చదవకుండానే ఎక్కించుకున్నావా?"

"చదవడానికి అదేమన్నా ప్రేమలేఖా?"

నవ్వుతూనే సెట్టింగులన్నీ తీసిపారేశాడు. ఎడిటర్ బోసిగా తెరుచుకుంది. కొట్టాడు.

'నాది.'

"అన్నా..." ఆమె గొంతు తగ్గింది. "తెర కాదు... నీ వేళ్లు చూడు."

చూశాడు. వేళ్లు కొడుతున్నదే ఆ మాట. ఎడమ చిటికెన వేలు కర్రపుల్లలా పైకి లేచి ఉంది. వంచబోయాడు. వంగలేదు. చేతులు లాక్కోబోయాడు... రాలేదు. వేళ్లు పరుగెత్తాయి. ఎలా చెరిపాడో... ఎవరి మీదికి నెట్టాడో... అంతా. చివరికి పంపే బటన్ కూడా అవే నొక్కాయి.

"అయిపోయిందిగా పెద్దాయనా... వదిలెయ్యండి..."

వేళ్లు ఆగలేదు. కొత్త వరుస మొదలుపెట్టాయి. 'అబద్ధపు సాక్ష్యం చెప్పింది...'

ఆమె వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

టక్... టక్ టక్... గోడ మీద చప్పుడు.

"అన్నా... నేను కాదు... నేను కొట్టట్లేదు..."

ఆ ఎడిటర్‌ను ఆమె ఏనాడూ తెరిచి ఎరగదు.