ఆకుపచ్చ గంజి

అంగారకుడి మీది ఆవాసంలో భోజనాల గంట మోగగానే జనం నాలుగు బారులు తీరేవారు. గోడకు బిగించిన అన్నదర్శి యంత్రం ఒక్కొక్కరి వేలికొసను సూదితో తాకి, రక్తం గ్రూపు చదివి, ఆ రోజు వేయవలసిన ఆసనం చెప్పి, వాళ్ళ కుళాయి తిప్పేది. ఎ వాళ్ళకు తెల్ల గంజి, ఓ వాళ్ళకు పసుపు, ఎబి వాళ్ళకు ఎర్రది, బి వాళ్ళకు కొత్తిమీర వాసన వేసే ఆకుపచ్చది. ఇరవై రెండేళ్ళలో అక్కడ ఒక్కరికీ షుగర్ రాలేదు. ఒక బారువాళ్ళు ఇంకో బారువాళ్ళ గిన్నె ముట్టుకోవడం కూడా ఎప్పుడో మానేశారు.

పదకొండు రోజులుగా ఆకుపచ్చ కుళాయి రావడం లేదు. బి వాళ్ళు హాల్లో నేలమీద పడి ఉన్నారు. నిన్న ఇద్దరు పోయారు. భూమి నుంచి ఓడ రావడానికి ఇంకా నలభై రోజులుంది.

అన్నదర్శిని తయారుచేసిన డాక్టర్ వకుళ పసుపు గంజి గిన్నె పట్టుకుని తమ్ముడు వైకుంఠం పక్కన కూర్చుంది.

“తాగరా.”

“ఓ వాళ్ళది. మనకి పడదు.”

“పడుతుంది. చెప్తున్నాగా.”

“పొద్దస్తమానం శవాసనమే వేస్తున్నా. ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదక్కా,” అని నవ్వబోయాడు. పగిలిన పెదవి మీద రక్తం చిమ్మింది.

ఆ రక్తం చూశాక ఆమె ఆగలేకపోయింది.

“ట్యాంకు ఒక్కటేరా. నాలుగు కుళాయిలకీ అదే గంజి. రంగూ వాసనా కుళాయి దగ్గర కలుస్తాయి, అంతే. అయిపోయింది ఆకుపచ్చ రంగు. గంజి కాదు.”

చుట్టూ పడుకున్న తలలు ఇటు తిరిగాయి.

“మరి రక్తం గ్రూపులు?” అన్నాడు వైకుంఠం.

“మితంగా తినండి, ఒళ్ళు వంచండి, ఊపిరి నెమ్మదిగా తీయండి అని మొదటి ఏడాదంతా మొత్తుకున్నా. ఎవడూ వినలేదు. ఇది నీ రక్తానికే అన్నా. మర్నాడే బారులు తీరారు.”

అతను ఆమెను ప్రేమగా చూశాడు. “నేను బతకాలని అంటున్నావు. చిన్నప్పుడు ఆముదం కూడా ఇలాగే పోశావు, పానకం అని.”

“నిజంరా.”

“అయితే నువ్వు తాగు. నువ్వూ బి గ్రూపే కదా.”

ల్యాబులో దాచిన కాస్త ఆకుపచ్చ రంగు పొడిని వకుళ గంజిలో కలిపి తెస్తే, ఇద్దరూ మొన్నటిదాకా పంచుకున్నారు. అన్నాళ్ళూ పసుపు గిన్నె జోలికి తాను ఎందుకు పోలేదో వకుళకు ఇప్పటిదాకా తట్టలేదు.

చెంచా నోట్లో పెట్టుకుంది. అదే బియ్యం నూక, అదే ఉప్పు. పసుపు రంగు ఎంచింది తనే. మింగబోయింది. గొంతు మూసుకుపోయింది. కళ్ళు మూసుకుని ఇంకో చెంచా పెట్టుకుంది. కడుపులోంచి తిప్పుకొచ్చి గంజి అంతా ఒళ్ళో పడింది. చూస్తుండగానే ముంజేతుల మీద దద్దుర్లు లేచాయి.

ఇటు తిరిగిన తలలు ఒక్కొక్కటే మళ్ళీ పైకప్పు వైపు తిరిగాయి.

వైకుంఠం చేత్తో ఆమె మూతి తుడిచాడు.

“ఊరుకో అక్కా,” అన్నాడు జాలిగా. “నీకు పడదు.”