ఊపిరి మలుపు

ఆ మేడమెట్లకి రెండో అంతస్తు దాటాక ఒక మలుపుంది. దాన్ని అందరూ ఊపిరి మలుపు అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పిల్లల దగ్గర్నుంచి పాలవాడి దాకా అదే మాట.

ఆ మలుపులో ఒక తలుపు. ఎప్పుడు చూసినా తాళమే. ఒకప్పుడు ఆ వాటాలో ఉబ్బసం పెద్దాయన ఒక్కరే ఉండేవారు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టుకుని దాని ధర్మమా అని బతికేవారు. ఒక రాత్రి కరెంటు పోయింది... మిషను ఆగింది... తెల్లారి చూస్తే ఆయనా లేరు.

అప్పట్నుంచీ — కింది వాటా ఆవిడ ఒట్టేసి మరీ చెబుతుంది — కరెంటు ఉన్నంతసేపూ ఆ తలుపు వెనక చీమ చిటుక్కుమనదు. కరెంటు పోయిందా... లోపల ఎవరో ఊపిరి పీలుస్తారు. గుర్... గుర్... గుర్... మళ్లీ కరెంటు రాగానే టక్కున ఆగిపోతుంది.

"పోయిన మనిషి ఇంకా గాలి కోసం వెతుక్కుంటున్నాడమ్మా..." అంటుందావిడ, గొంతు తగ్గించి.

అందుకే చీకటి పడ్డాక కరెంటు పోతే ఆ మేడలో ఎవరూ మెట్ల జోలికి పోరు. పైవాళ్లు పైనే, కిందివాళ్లు కిందే.

మూడో అంతస్తు కోడలికి ఈ కబుర్లంటే నవ్వు. బేకరీలో పని ఆమెది. బస్తాలకొద్దీ పిండితో రోజూ కుస్తీ పట్టే మనిషి. "దెయ్యమే నన్ను చూసి దడుచుకోవాలి" అనేది. అనేది గానీ, కరెంటు పోతే మేడ మొత్తంలో ముందుగా గడియ వేసుకునేది కూడా ఆమే.

ఆ వేళ ఇంట్లో ఒక్కతే ఉంది. మామగారికి కంటి ఆపరేషను, తోడుగా ఆమె భర్త కూడా ఆసుపత్రిలోనే. భార్య పోయాక మామగారికి మనుషులతో మాటలు తగ్గి, చేపలతో పెరిగాయి. ముందుగదిలో గాజుతొట్టి, అందులో బంగారు రంగు చేపలు. వాటిలో ఒకటి ముసలిది, పొట్టది, లోకం మీద ఎప్పుడూ చిరాగ్గా ఉంటుంది. దాని పేరు హెడ్మాస్టరు. పోయిన అత్తగారు తన చేత్తో తెచ్చిన చేప అది.

"రేపు కట్టు విప్పుతారమ్మాయ్. ఇంటికి రాగానే ముందు దాన్నే చూడాలి. ఆవిడ గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే" అన్నారాయన వెళ్తూ వెళ్తూ.

"నా ప్రాణంలా చూసుకుంటాను మామయ్యా" అని మాటిచ్చింది కోడలు.

సాయంత్రం నుంచి గాలివాన. దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది. అక్కడితో చేతులు కట్టుకుని కూర్చుంటే బాగుండేది. కానీ బేకరీ బుద్ధి ఊరుకుంటుందా? చలి తగిలితే పిండి పొంగదు. గుడ్డ కప్పి వెచ్చగా ఉంచాలి. చేపలకీ అంతేననుకుంది. నీళ్లలో ఉన్న హీటరు బాగా పెంచి, తొట్టి మీద మందపాటి దుప్పటి కప్పి, నాలుగు పక్కలా బిగించింది. పాపం, ప్రేమతోనే.

ఆ హీటరు దెబ్బకి ఇన్వర్టర్ ఏనుగు మింగిన వెలగపండైంది. కుయ్‌మని మూలిగి ఆరిపోయింది. దీపంతో పాటు తొట్టిలో గాలి పంపూ ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఆమెకి ఏదోలా అనిపించింది. కొవ్వొత్తి వెలిగించి, దుప్పటి ఎత్తి చూసింది... చేపలన్నీ పైకొచ్చేశాయి. నోళ్లు తెరిచి, మూసి, తెరిచి... హెడ్మాస్టరు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది.

భర్తకి ఫోన్ చేసింది. విషయం వినగానే ఫోను మామగారు లాక్కున్నారు. వార్డులో అందరూ పడుకున్నారు కాబోలు, గుసగుసగా మాట్లాడారు.

"దుప్పటి తీసెయ్... వేడి నీళ్లలో గాలి నిలవదమ్మా... మగ్గుతో ముంచి, ఎత్తు నుంచి ధారగా పొయ్యి... గాలి కలుస్తుంది."

పోసింది. ముంచడం, ఎత్తడం, పొయ్యడం. పిండి పిసికిన చేతులే అయినా కాసేపటికి భుజాలు పీకేస్తున్నాయి. చెయ్యి ఆపితే చాలు, చేపలు మళ్లీ పైకి. ఇలా తెల్లారేదాకా ఎలా?

"మామయ్యా, నా వల్ల కావట్లేదు..."

మామగారు ఇంకా గొంతు తగ్గించి అన్నారు —

"అమ్మాయ్... నా గళ్ల చొక్కా జేబులో తాళంచెవి ఉంది."

"ఎక్కడిది?"

"మలుపులో తలుపుది."

మగ్గు చేతిలోంచి జారిపోయింది.

"చేపల్ని అక్కడికి తీసుకెళ్లు... లోపల..."

అంతే. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ తాళంచెవి మామగారి దగ్గరెందుకుంది? బతికున్న చేపల్ని చచ్చినవాడి ఇంటికి తీసుకెళ్లమంటారేమిటి? మందుల మత్తులో ఏదో అన్నారా? కానీ గళ్ల చొక్కా జేబులో తాళంచెవి నిజంగానే ఉంది. ఇటు చూస్తే హెడ్మాస్టరు మొప్పలు ఆడటం కూడా తగ్గింది. మాటిచ్చాను కదా అనుకుంది. భయంతో ఏడుపొస్తున్నా బకెట్లో తొట్టి నీళ్లు నింపి, చేపల్ని వలతో తీసి వేసింది.

కొవ్వొత్తి గుమ్మం దాటగానే ఆరిపోయింది. గోడ తడుముకుంటూ దిగింది. పిండితో కుస్తీ పట్టే మనిషికి కాళ్లే పిండిముద్దలయ్యాయి.

మలుపు దగ్గరికొచ్చింది...

గుర్... గుర్... గుర్...

తలుపు వెనకే.

"ఎవరూ...?"

ఊపిరి ఆగలేదు.

తెలిసిన దేవుళ్లందరికీ ఒకేసారి దణ్ణం పెట్టి, తాళం తీసి తోసింది. తలుపు తెరుచుకుంది. బూజు వాసన రాలేదు... నీళ్ల వాసన వచ్చింది.

కిటికీలోంచి మెరుపు మెరిసింది.

గోడవారగా వెడల్పాటి గాజుతొట్టి. అందులో చేపలు హాయిగా తిరుగుతున్నాయి. ఒక మూల నుంచి బుడగలు పైకి తేలుతున్నాయి. గోడ మేకుకి చిన్న పెట్టె, అందులోంచి నీళ్లలోకి సన్నటి గొట్టం.

కోడలు నేల మీద కూలబడి నవ్వేసింది. బ్యాటరీ గాలి పంపు! కరెంటు పోతే తనంతట తానే మొదలై, రాగానే ఆగిపోయే రకం. ఇన్నాళ్లూ మేడంతా హడలి చచ్చిన దెయ్యం ఇదన్నమాట.

నవ్వు తగ్గాక ఒక్కొక్కటీ అర్థమైంది. మోకాళ్లకి మంచిదని మామగారు రోజూ మెట్లు దిగి, చొక్కా చెయ్యి తడుపుకుని రావడం... ఉబ్బసం పెద్దాయన పోయిన కొత్తలో "ఆయన పెంచుకున్న చేపల్ని మనింటికి తెచ్చుకుందామా" అని మామగారు నసగడం... "ఇంకో తొట్టి ఇంట్లోకొస్తే నేను బయటికే" అని తను కసురుకోవడం. పోయిన స్నేహితుడి చేపల్ని మామగారు దెయ్యం చాటున దాచి పెంచుతున్నారు. ఆమెకి సిగ్గేసింది.

చేపల్ని మెల్లగా తొట్టిలోకి వదిలింది. హెడ్మాస్టరు పక్కకి ఒరిగే ఉండి, బుడగల దాకా కొట్టుకుపోయింది. చాలాసేపటికి, మెరుపుల వెలుగులో, ఒక రెక్క కదిలింది. తర్వాత నిటారుగా లేచి, చిరాగ్గా చూసింది.

కోడలు గోడ మీది పెట్టెని అరచేత్తో నిమిరింది. అది చేతికింద సన్నగా వణుకుతోంది. "నీ కడుపు చల్లగుండ" అంది. తెల్లవారుజామున కరెంటొచ్చింది. గురక టక్కున ఆగింది.

మామగారు నల్లద్దాలు పెట్టుకుని వచ్చారు. పైకి పోలేదు. మలుపులోనే ఆగి, తొట్టి ముందు వంగి హెడ్మాస్టర్ని చూసుకున్నారు. గాజు మీద చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు.

"ఏడవకండి మామయ్యా, ఆపరేషను కన్ను. ఈ తొట్టి కూడా పైకి తెచ్చేసుకుందాం. తప్పు నాదే. ఆ పంపే లేకపోతే రాత్రి ఏమయ్యేదో!"

"ఏ పంపు?"

"అదే... రాత్రంతా ఆడింది కదా."

ఆయన మేకు మీది పెట్టె తీశారు. గొట్టం నీళ్లలోంచి బయటికొచ్చేసింది. వెనక మూత గోటితో తెరిచి ఆమెకి చూపించారు. లోపల తుప్పు తప్ప ఏమీ లేదు.

"బ్యాటరీలు కారిపోతే నేనే తీసి పారేశానమ్మా. కొత్తవి కొనేలోపే ఆసుపత్రికి పోవాల్సొచ్చింది. ఈ తొట్టి వెడల్పు కదా, నీళ్లకి గాలి బాగా తగులుతుందని చేపల్ని ఇక్కడికి తెమ్మన్నాను. అంతే..."

కోడలు తన అరచెయ్యి చూసుకుంది.

అప్పుడే మళ్లీ కరెంటు పోయింది.

పెట్టె మామగారి చేతిలోనే ఉంది. గొట్టం గాలిలో వేలాడుతోంది. తొట్టి మూల నుంచి ఒక బుడగ పైకొచ్చింది... ఇంకొకటి... గుర్... గుర్... గుర్...

హెడ్మాస్టరు నెమ్మదిగా అటు తిరిగింది.