రోడ్డు దిక్కు తిప్పిన చెప్పులు

ఇయ్యాల మా అన్న పదకొండో దినం. వాకిట్ల టెంటేసినం. లోపల మొదటి బంతి కూసున్నది, పప్పుచారు వాసనొస్తున్నది. నేను గేటు కాడ నీళ్ల డ్రమ్ము పక్కన కుర్చీ ఏస్కోని కూసున్న. లోపలికి రమ్మని అందరూ పిలిచిన్రు. నాకు కోపమెక్కువని ఎరికే కాబట్టి రెండోసారి ఎవరూ పిలువలే.

నాకు కోపమెంతనో మా అన్నకు నవ్వంత. పేరు బాలమల్లు. ఎయిర్‌పోర్టు కాడ కారు నడిపేటోడు. ఒకసారి విమానం రద్దయిందని దిక్కుతోచక నిలబడ్డ మనిషిని, తెలుగు ముక్క రానోణ్ణి, కొత్వాల్‌గూడకు మా ఇంటికి తోల్కొచ్చి మూడు దినాలు ఉంచుకున్నడు. వదిన స్వర్ణలత మొదట గులిగింది గానీ, ఆయన పోయేరోజు ఆమెనే మామిడికాయ తొక్కు కట్టిచ్చింది. అట్లుండేది అన్నతోని.

ఒక్కటే బాధ. ఒక్కడు ఎక్కడికీ పోడు. చాయ్ తాగనీకి శంషాబాద్ దాకా పోవాలన్నా తోడు కావాలె. అడిగితే వద్దంటరని అడుగుడే మానేసిండు. ఎవరు కావాల్నో వాళ్ల చెప్పుల్ని కాలితోని రోడ్డు దిక్కు తిప్పిపెట్టి, కార్ల కూసోని హారన్ కొట్టేటోడు. రెండుసార్లు పొట్టిగ, ఒకసారి పొడుగ్గ. ఇగ తిట్టుకుంటనన్నా పోవాల్సిందే. నేనెన్నిసార్లు తిట్టుకుంట పోయిన్నో. కారు నిండితేనే అన్నకు కడుపు నిండేది.

నలభై నాలుగేండ్లకు పోయిండు. పార్కింగుల నలుగుర్ని నవ్వించుకుంట, చాయ్ గ్లాసు చేతిల పట్టుకోనే కూలిపోయిండంట. దవాఖానకు తీస్కపోయేలోపలే అంతా అయిపోయింది.

తప్పు చేసింది నేను. ముందే చెప్తున్న.

కాటికి పోయే తొవ్వల, దింపుడుకల్లం కాడ పాడె దించిన్రు. ఆడ సొంతోళ్లు చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలవాలె. పానముంటే లేస్తడని ఆఖరి ఆశ. లేవకుంటే ఇగ తొవ్వ వదిలినట్టు. మా పెద్దమనిషి మొగులయ్య నన్ను పక్కకు పిలిచి మెల్లగ చెప్పిండు.

"పేరే పిలువు. ఇంకో మాట అనకు."

కానీ పుట్టినకాడ్నుంచి అన్నను పేరు పెట్టి పిలిచిన్నా నేను? నోరు రాలె. రెండుసార్లు "అన్నా" అన్న. మూడోసారి ఏడ్పు ఆగలే.

"అన్నా, లే. ఇంటికి పోదాం పా."

మొగులయ్య నా దిక్కు చూసి తల దించుకున్నడు. పాడె లేపిన్రు.

ఐదోరోజు పొద్దుగూకేటప్పుడు పక్కింటి కుర్మయ్య తాత పలకరియ్యనీకి వచ్చిండు. అన్నతోని రోజు చాయ్‌కి పోయేటోడు. కొద్దిసేపు కూసోని లేస్తే, గడప బయట ఆయన చెప్పులు రోడ్డు దిక్కు తిరిగి ఉన్నయ్. తాత చూసి కండ్లు తుడుసుకున్నడు. బాలమల్లు తిప్పినట్టే ఉన్నయ్‌రా అన్నడు. ఎవరి కాలో తగిలి ఉంటదని నేను కసిరిన. ఆయన గేటు దాటంగనే హారన్ ఇనొచ్చింది. రెండు పొట్టిగ, ఒకటి పొడుగ్గ. అన్న కారు రేకుల కింద, కవరు కప్పి ఉన్నది. తాళంచెవి నా జేబుల ఉన్నది.

తెల్లారి తాత లేవలే. డెబ్బై దాటిన మనిషి, వయసని అందరూ అన్నరు. నేను గూడ అన్న. కానీ ఆ రోజునుంచి గడప కాడ చెప్పులు చూడకుంట నేను ఇంట్లకు పోలే.

నిన్న పదోరోజు. దీపాలు పెట్టే యాళ్ల. ఇల్లంత చుట్టాలు. లోపల అన్న ముచ్చట్లు చెప్పుకోని నవ్వుతున్నరు. చావింట్ల ఏం నవ్వులని కోపమొచ్చి బయటికొచ్చిన. విమానమొకటి ఇంటి మీదికెళ్లి దిగుకుంట పోయింది. రేకులు గజగజ ఊగినయ్. అది పోయినంక ఊరంత చప్పుడు లేదు. కుక్కలు గూడ అరుస్తలేవు. అప్పుడు వాసనొచ్చింది... మీఠా పాన్. అన్న బుగ్గన ఎప్పుడూ ఉండే మీఠా పాన్. దాని ఎనుక ఇంజిన్ ఏడెక్కిన వాసన.

గడప దిక్కు చూసిన.

చిన్న చెప్పులు. గులాబి రంగువి. మా అఖిలవి. అన్న బిడ్డ, తొమ్మిదేండ్లు.

రోడ్డు దిక్కు తిరిగి ఉన్నయ్.

ఇంటి దిక్కు తిప్పిన. లేచి చూస్తే... మళ్ల రోడ్డు దిక్కే. తీసి కప్పు మీదికి ఇసిరేసిన. ఎనుక గేటు కిర్రుమన్నది. అఖిల వట్టి కాళ్లతోనే పోతున్నది. ఉరికి ఎత్తుకున్న. ఒళ్లు మంచు లెక్క ఉంది.

"కాకా, ఇడువు... బాపు కార్ల కూసున్నడు."

హారన్. రెండు పొట్టిగ... ఒకటి పొడుగ్గ.

పిల్లను గట్టిగ పట్టుకోని కూలబడ్డ. ఎవరి మీద కోపం చెయ్యాలె? మా అన్న మీదనా? బిడ్డంటే పానమిచ్చేటోడు. ఒక్కడు పోలేక పిలుస్తున్నడు, అంతే. నా చెప్పులు ఇడిసిన. నా చేతులతోనే రోడ్డు దిక్కు తిప్పిపెట్టిన.

"అన్నా, పిలిచినోణ్ణి నేను. నేనొస్త. పిల్లను ఇడిసిపెట్టు."

హారన్ ఆగింది. పాన్ వాసన నా ముక్కు కాడికొచ్చి కొద్దిసేపు నిలబడ్డది. తర్వాత అది గూడ పోయింది. అఖిల నా భుజం మీదనే నిద్రపోయింది. పిల్ల దక్కిందనుకున్న. అన్న నా కోసం వస్తడని తెల్లారేదాక చూసుకుంట కూసున్న.

ఎవరూ రాలె.

తెల్లారి చూస్తే నా చెప్పులు ఇంటి దిక్కు తిరిగి ఉన్నయ్. నేను తిప్పలే. ఇంటికి పోదాం అన్నది నేనే కదా. నన్ను ఇంట్లనే ఉండమన్నడు.

ఇప్పుడు బంతి కూసున్నోళ్లు చెప్పులు టెంటు బయట ఇడిసిన్రు. వదినవి, అమ్మవి, మ్యానత్తవి, షాద్‌నగర్ చుట్టాలవి. నలభై జతలన్నా ఉంటయ్. అఖిలవి కప్పు మీదినుంచి ఎవరు దించిన్రో, ముందు వరుసల ఉన్నయ్. అన్నీ రోడ్డు దిక్కే. రెండుసార్లు తిప్పి వచ్చిన. కుర్చీల కూసునేలోపల మళ్ల అట్లనే. మొగులయ్య చెయ్యి కడుక్కోనీకొస్తే చూపిచ్చిన. ఆయన ఒక్కసారి తన చెప్పుల దిక్కు చూసుకున్నడు.

"ఎవరితోని అనకు," అన్నడు మెల్లగ. "తిననియ్యి."

లోపల ఎవరో అన్న ముచ్చట చెప్తే అందరూ నవ్వుతున్నరు. అఖిల గూడ నవ్వుతున్నది. గేటు బయట కారు నిలబడ్డది, కవరు లేదు, నాలుగు తలుపులూ తీసి ఉన్నయ్. తాళంచెవి నా జేబులనే ఉంది. నా చెప్పులొక్కటే ఇంటి దిక్కు చూస్తున్నయ్.