పిడికిలి దిగని పరుపు

ఆసుపత్రివాళ్లారా, మొదటి తప్పు మీదే. బిడ్డను ఎలా పడుకోబెట్టాలో తల్లి ఒక్కదానికే చెప్పి ఇంటికి పంపేశారు. ఇంట్లో బిడ్డను పడుకోబెట్టేది ఆమె ఒక్కతేనా? రెండో తప్పు ఇప్పుడు చెప్పబోయే ఇంటి కొడుకుది. పెళ్లాం చెబితే తలూపాడు, తల్లి చెబితే తలూపాడు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసిన పాపాన పోలేదు.

ఆ ఇంటి పెద్దావిడ పరుపులు కుడుతుంది. వీధంతా ఆమెను దూదమ్మ అంటారు. పిడికిలి నొక్కితే మణికట్టు దాకా దిగాలి, అప్పుడే అది పరుపని ఆమె లెక్క. మనవడు పుట్టగానే తన చేతిలోని మెత్తదనమంతా కూరి బుల్లి పరుపు కుట్టింది. అటొక బాలీసు దిండు, ఇటొక బాలీసు దిండు. కోడలు వాటిని తీసి మంచం కింద పెట్టేది. కోడలు అటు వెళ్లగానే అత్త మళ్లీ పైకి తెచ్చేది.

ఒక పొద్దున కోడలు స్నానానికి వెళ్లింది. కొడుకు గడ్డం గీసుకుంటున్నాడు. దూదమ్మ మూడు నెలల పసివాణ్ని పక్కకు తిప్పి, రెండు బాలీసుల మధ్య ఒదిగేలా పెట్టి, పొయ్యి మీద పాలు చూడ్డానికి పోయింది.

కోడలు తడి జుట్టుతో గదిలోకి వచ్చేసరికి బిడ్డ ముఖం బాలీసులో కూరుకుపోయి ఉంది. లాగి ఎత్తుకుంది. పెదవులు కమిలిపోయాయి. ఉలుకూ పలుకూ లేదు. అంతలో వాడు ఊపిరి లాక్కుని ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు.

పరుగున తీసుకెళ్తే డాక్టరు నిదానంగా పరీక్షించి, ప్రమాదం తప్పిందన్నాడు. ఇంటికొచ్చాక గొడవ మొదలైంది.

“మళ్లీ ఎందుకు పెట్టారు అత్తయ్యా ఇవి?”

“పాలు కక్కితే పొలమారుతుందని పక్కకు తిప్పానమ్మా. నా కొడుకును ఇలాగే పెంచాను. వాడు బతకలేదా?”

“బతికారు, మన అదృష్టం. వీడికి అదృష్టం చాలదు, గాలి కావాలి. వెల్లకిలా పడుకోబెడితే పొలమారదని నర్సు చెప్పింది. పరుపు గట్టిగా ఉండాలి, పక్కన దిండూ దుప్పటీ ఏమీ ఉండకూడదంది.”

“గట్టి పడక మీద ఉత్తినే పడేయమంటావా? దూదమ్మ మనవడికి దిండు కూడా లేదా అని నలుగురూ నవ్వరూ?”

“నవ్వనివ్వండి. ఆ నవ్వేవాళ్లు వచ్చి వీడికి ఊపిరి పోస్తారా?”

“ఇద్దరూ కాస్త…” అని కొడుకు నోరు తెరిచాడు.

“నువ్వుండరా,” అంది తల్లి.

“మీరుండండి,” అంది భార్య, అదే ఊపిరిలో. “నర్సు మాట అత్తయ్యకు చెప్పమని మొత్తుకున్నాను. ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా ఉండి, ఇప్పుడా మాట్లాడేది?”

దూదమ్మ ఏమనుకుందో, మంచం మీద బోర్లా వాలి, తను కుట్టిన బాలీసులోనే ముఖం పెట్టింది. అలాగే ఉండిపోయింది. చివరికి చటుక్కున తలెత్తి రొప్పింది.

“నాకు మెడ ఉంది, ఎత్తాను,” అంది. “వాడికి మెడ ఇంకా నిలవనే లేదు కదమ్మా.”

ఏడుస్తున్న అత్త ఒళ్లో కోడలు బిడ్డను పెట్టింది. “ఊరుకోండి. ఇకనుంచి కూడా మీరే పడుకోబెట్టండి. వెల్లకిలా.”

ఆ మధ్యాహ్నమే దూదమ్మ పరుపు విప్పి, గట్టిగా దట్టించి, చదునుగా మళ్లీ కుట్టింది. పిడికిలి మోపి ఒంటి బరువంతా వేసింది. దిగలేదు. కోడలి మంచం పక్కనే ఆ పరుపుతో పసివాడికి వేరే పడక వేశారు. బాలీసులు అటక ఎక్కాయి. వాడు వెల్లకిలా, చేతులు రెండూ బార్లా చాపి నిద్రపోయాడు. పొట్ట లేస్తూ దిగుతూ ఉంటే ముగ్గురూ కూర్చుని అదే చూశారు.

ఆ ఇల్లు గట్టెక్కింది. అన్ని ఇళ్లూ గట్టెక్కవు. ఆసుపత్రివాళ్లారా, తల్లితోపాటు తండ్రినీ, అమ్మమ్మనీ, నాయనమ్మనీ కూర్చోబెట్టి చెప్పండి. చెప్పకుండా బిడ్డను గడప దాటించకండి. ఇది చదువుతున్నవాళ్లారా, చదివింది చాలు. లేచి వెళ్లి మీ ఇంటి పసిబిడ్డ పడక చూడండి. అందులో దిండుంటే తీసేయండి. రేపు కాదు, ఇప్పుడే.