అరుణజ్యోతి మార్చిన ముగింపు

ఐలేష్ తన కథ ఆఖరి పేజీ చదివి, కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

“నేను రాసింది గిదేనా?”

“కాదు. నేను మార్చిన,” అంది అరుణజ్యోతి, కీబోర్డు మీంచి చెయ్యి తీయకుండానే.

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఆమెది టైపింగ్ సెంటర్. ఇరవై పేజీల కథకు మంచాల ఊరి నుంచి నెల రోజుల రాకపోకలెందుకో ఆమెకు తెలియదనుకోవడం ఐలేష్ అమాయకత్వం.

కథలో కొడుకు అన్నల్లో కలిసి ఎదురుకాల్పుల్లో చనిపోతాడు. సరిగ్గా బోనాల రోజే కబురొస్తుంది. తల్లి నెత్తిమీది బోనాన్ని పోచమ్మ గుడి ముందు పగలగొట్టి ఎర్రజెండా అందుకుంటుంది. ఐలేష్ రాసింది అదీ. అరుణజ్యోతి టైపు చేసిన తల్లి మాత్రం బోనం భద్రంగా దించి, “నా కొడుకును కాల్చిననాడు నువ్వేడున్నవే?” అని పోచమ్మను దులిపేస్తుంది.

“విప్లవ కథలల్ల దేవతకు దండం పెట్టిస్తవా?”

“దండం ఏడ పెట్టిచ్చిన? తిట్టిచ్చిన గద! బోనం పగలగొట్టే తల్లిని ఒక్కదాన్ని చూపెట్టు, జర చూస్త.”

“నీకు రాజకీయం తెల్వదు.”

“నీకు అమ్మలు తెల్వదు. పో, ఇంకోకాడ టైపు కొట్టిచ్చుకో!”

ఆమె కళ్లలో నీళ్లు చూసి ఐలేష్ ప్రాణం ఉసూరుమంది. సారీ చెబుదామనుకున్నాడు గానీ సిద్ధాంతం అడ్డొచ్చింది. రెండు ముగింపులూ సంచిలో పెట్టుకుని, వానలో తడుస్తూ బస్సెక్కాడు. పత్రికకు కథ పంపడానికి రేపే ఆఖరి రోజు. తనది పంపితే ఆ కొట్టు మెట్లెక్కే ముఖం ఇక ఉండదు.

ఇంట్లో, చదువురాని తల్లి సక్కుబాయికి రెండూ చదివి వినిపించాడు. మొదటిది విని, “మంచిగున్నది బిడ్డా,” అంటూ ఆమె చిక్కుడుకాయలు గిల్లుతూనే ఉంది. రెండోదానికి చేతులు ఆగిపోయాయి.

“గిది ఎవలు రాసిన్రురా? మా తమ్ముడు, మీ మామ, అన్నలల్ల కలిసి సచ్చిపోయిన యేడు నేను బోనం దించి గిట్లనే తిట్టిన. ఎవలూ ఇనకుంట, గుడి ఎనకకు పోయి. అప్పుడు నువ్వు కడుపుల ఉన్నవ్.”

ఇన్నేళ్లూ ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఐలేష్ తన ముగింపున్న పేజీని మడిచి సంచి అడుక్కి తోశాడు.

మర్నాడు అరుణజ్యోతి వచ్చేసరికి కొట్టు మెట్ల మీద తల్లీకొడుకులిద్దరూ ఉన్నారు.

“నీ ముగింపే పంపుత. మామ సచ్చిపోయినప్పుడు మా అమ్మ గట్లనే తిట్టిందంట,” అన్నాడు ఐలేష్. “కథకు ఇద్దరి పేర్లు పెట్టు. ఇంకోటి... నువ్వంటే నాకు మస్తు ఇష్టం జ్యోతీ.”

“నేను గుడికి పోత. మరి గప్పుడు?”

“కొట్లాడ్త. కొట్లాడేటందుకు ఎదురుంగ నువ్వుండాలె గద.”

ఆమె గబగబా తాళం తీసి లోపల కూర్చుని, సిగ్గుతో కంప్యూటర్ తెరలోకి చూసింది. అది ఇంకా ఆన్ చేయనేలేదు.

సక్కుబాయి దగ్గరికొచ్చి ఆమె గడ్డం పట్టుకుంది. “మా తమ్మున్ని తలుసుకుంట యేటా ఒక్కదాన్నే బోనమెత్తుతున్న బిడ్డా. ఈసారి నాతోని వస్తవా?”

“వస్త, అత్తమ్మా.”

ఆ పిలుపుకి ఐలేష్ మనసు నిండిపోయింది. “మరి నేను?” అన్నాడు.

“మొక్కుడు నీతోని కాదు గని, మామ కోసమన్న మా పక్కపొంటి నడువు కొడుకా.”

“నడుస్తనే అమ్మా,” అన్నాడు ఐలేష్.