కదిరమ్మ చూపుకుండలు

మణిగిరి రాజ్యంలో ఆ ఏడు ఏ పండుగకూ డప్పు మోగలేదు. ధూమ్ర అనే మంత్రగత్తె యువరాజు విజయకేతుణ్ణి అడవి జంతువుగా మార్చేసింది. ఏ జంతువో ఎవరికీ తెలియదు. తొలకరి చినుకు నేలను తాకేలోగా అతణ్ణి గుర్తుపట్టి పేరుపెట్టి పిలవాలి. లేకపోతే జన్మంతా జంతువే. వెతకబోయిన భటుల అలికిడికే అడవి ఖాళీ అయ్యేది. జంతువుల్ని చూపడానికి రాజు అడవిలో పెట్టించిన వజ్రాల మాయాద్దాన్ని ఏనుగొకటి తన్నేసి పోయింది.

"మనుషులు పోతే కదమ్మా అవి పారిపోయేది? ఉత్త చూపును పంపిద్దాం" అంది కుమ్మరివారి పిల్ల కదిరమ్మ రాణితో.

రాణి కళ్లొత్తుకుంది. "తాగేముందు మొదటి గుక్క నేలకు వదలడం మా ఇంటి ఆచారం తల్లీ. నా బిడ్డ ఏ రూపంలో ఉన్నా అది మరవడు."

వెన్నెల మడుగు ఒండ్రును కుండలోపల పూస్తే, ఎదుట కదిలినదాని రూపం ఆ పూతలో నిలిచిపోతుందని కదిరమ్మ ఎరుగును. చిన్నచిన్న కుండలు చేసి, సూదితో బెజ్జాలు పొడిచి, గాడిదమీద వేసుకుని అడవికి వెళ్లింది. ఒకటి పగిలినా దిగులు లేదు, మట్టే కదా!

వాగు వెంట కుండలు పెట్టింది. తీసి చూస్తే అన్నిటా ఊగుతున్న గడ్డే.

"నీ కుండల నిండా నేనే!" అని గడ్డిని ఊపుతూ పకపకా నవ్వింది సుడిగాలి భూతం.

కదిరమ్మ కొంగు బిగించింది. బెజ్జాల ముందున్న గడ్డినంతా పీకేసింది. ఊపడానికేమీ లేక భూతం మూతి ముడుచుకుని కొండెక్కింది.

ఈసారి కుండలు బోసిగా ఉన్నాయి. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. పొదలోంచి ముసలి ఎలుగుబంటి ముక్కు మూసుకుంటూ వచ్చింది.

"ఏందే పిల్లా, అడివినంతా పెండ్లిల్లు చేసి పెట్టినావు! ఈ పసుపు కంపుకు కుందేలన్నా వస్తుందా?"

"కొత్తకుండకు పసుపు పూయకుంటే ఎట్లా తాతా? మా అమ్మ ఒప్పుకోదు."

"అది మీ ఇంట్లో. ఈడ ఇల్లు మాది."

కదిరమ్మ నాలుక కరుచుకుంది. పసుపు కడిగి, కుండలకూ చేతులకూ వాగుబురద పులుముకుంది.

అప్పుడు అడవి నడిచొచ్చింది. ఒక కుండలో నెమలి, ఒకదానిలో పిల్లలతో పంది, వెన్నెల ముద్దలా దుప్పి. రేవు దగ్గరి కుండలో ఒక జింక నోటినిండా నీళ్లు తీసుకుని, తల తిప్పి, గట్టుమీద వదులుతోంది!

మర్నాడు పొద్దు పొడిచేవేళ ఆమె రేవు పొదలో కదలక కూర్చుంది. ఉరుము ఉరిమింది. జింక వచ్చి మొదటి గుక్క నేలకు వదిలింది.

"విజయకేతూ!"

జింక ఉలిక్కిపడి ఎగిరింది. నేలకు దిగినవి మనిషి పాదాలు. ఆ పాదాలమీదే తొలి చినుకు పడింది.

"ఇన్నాళ్లకు నన్ను చూసిందెవరు?" అన్నాడతను, కలలోంచి లేచినట్టు.

"కుండ" అంది కదిరమ్మ.

యువరాజు తనను పెళ్లాడమని అడిగితే, అడవిలో వేట మాన్పిస్తానని మాటిచ్చాకే ఆమె ఒప్పుకుంది. పెళ్లినాడు రేవు దగ్గరి కుండను తెప్పించి చూశారు. లోపలి పూతలో, బెజ్జానికి కన్నానించిన ముసలి ఎలుగుబంటి రూపం పెళ్లివారికేసి చూస్తోంది.